విండ్ టర్బైనా, కానుగ నూనెనా? వరంగల్‌లో ఉండి ఎంటెక్ ప్రాజెక్టుకు ఏది పట్టుకోవాలె

పరకాల దిక్కు తమ్ముడు ఒకాయన అడిగిండు. ఎంటెక్ థర్మల్ రెండో సంవత్సరమట, గైడ్ రెండు టాపిక్‌లు ముందట పెట్టిండట, ఒకటి బిల్డింగ్ మీద పెట్టే చిన్న విండ్ టర్బైన్, ఇంకోటి డీజిల్ ఇంజన్‌కు ఆల్టర్నేటివ్ ఫ్యూయల్. ఏది తీసుకుంటే ఏడాదిలో పని అయితది, ఏ దాంట్లో కొత్తగా చెప్పనీకి ఏమన్న మిగిలింది అని ప్రశ్న. చివర్లో ఇంకోటి కూడా అడిగిండు, వాళ్ల బాపు బాయి కాడి పాత ఆయిల్ ఇంజన్‌లో, ట్రాక్టర్‌లో కానుగ నూనె నేరుగా పోయొచ్చా అని.

ముందు జవాబు చెప్పేస్తా తమ్మీ. వరంగల్‌లో ఉండి చేతితో చేసే ప్రాజెక్ట్ అయితే ఫ్యూయల్ తీసుకో, విండ్ వద్దు. కాకపోతే బీ20, అంటే నూనెతో చేసిన బయోడీజిల్ 20 శాతం కలిపిన డీజిల్, పోసి ఎఫిషియెన్సీ గ్రాఫ్ గీసే పని ఇప్పటికే వేలమంది చేసిన్రు, అదే మళ్లీ చేస్తే ఏడాది పోయినట్టే. చేయాల్సింది వేరే ఉంది, కింద రాసిన. ట్రాక్టర్‌లో కానుగ నూనె నేరుగా పోయొద్దు, ఈ ఒక్కమాట ఇవ్వాళనే మీ బాపుకు చెప్పు.

నా సంగతి చెప్తే ఎందుకు ఇట్ల అంటున్ననో అర్థమైతది. మొదట ఎనిమిదేండ్లు డీజిల్ పంపు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ రిపేర్ చేసే షాపులో చేసిన, తర్వాత ఇరవై నాలుగేండ్లు ఇక్కడి ఒక ఇంజనీరింగ్ కాలేజీ థర్మల్ ల్యాబ్‌లో ఇంజన్లు నా చేతుల మీదనే నడిచినయ్. రెండు దిక్కుల నుంచి చూసిన కాబట్టి రైతు దగ్గర ఇంజన్ ఎట్ల పాడైతదో తెలుసు, ల్యాబ్‌లో గ్రాఫ్ ఎట్ల తయారైతదో కూడా తెలుసు.

ఫస్ట్ గాలి సంగతి. గాలిలో ఉండే పవర్ స్పీడుకు ఘనంలో పెరుగుతది, అంటే స్పీడ్ డబుల్ అయితే పవర్ ఎనిమిది రెట్లు, సగం అయితే ఎనిమిదో వంతు, మొత్తం కథ ఇక్కడనే ఉన్నది. రెండు మీటర్ల డయా రోటర్ పెట్టినవు అనుకో, అది ఊడ్చే వైశాల్యం 3.14 చదరపు మీటర్లు, మన ఎండకు గాలి డెన్సిటీ ఘనమీటరుకు 1.1 కిలోల దగ్గర ఉంటది, సెకనుకు 3 మీటర్ల గాలి వస్తే మొత్తం గాలిలో ఉన్న పవరే 46 వాట్లు. అందులో 16/27 వంతు, అంటే 59.3 శాతం కన్నా ఎక్కువ ఏ మిషనూ తీయలేదని ఆల్బర్ట్ బెట్జ్ వందేండ్ల కిందనే లెక్క తేల్చిండు, చిన్న టర్బైన్‌లకు జనరేటర్ లాస్ అన్నీ పోను 30 శాతం వస్తే గొప్ప. అంటే 14 వాట్లు. అదే రోటర్‌కు సెకనుకు 10 మీటర్ల గాలి తగిలితే 500 వాట్లు దాటుతది. అమ్మేటోళ్లు బోర్డు మీద రాసేది ఈ రెండోది, మన డాబా మీద దొరికేది మొదటిది.

మా కాలేజీలో మూడంతస్తుల బిల్డింగ్ మీద ఒక బ్యాచ్‌తో గాలి స్పీడు కొలిచే అనిమోమీటర్ పెట్టించి ఏడాది రాసినం. జూన్, జూలైలో నైరుతి గాలికి కొంచెం మంచిగ ఉండేది, ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం వస్తే పది నిమిషాలు ముల్లు ఎగిరేది, మిగతా ఏడాదంతా సెకనుకు 2, 3 మీటర్ల మధ్యనే. ఆ పిల్లలు పీవీసీ పైపు చీల్చి బ్లేడ్లు చేసి టర్బైన్ కూడా పెట్టిన్రు, చూడనీకి తిరిగేది, వీడియో కూడా బాగొచ్చింది, కానీ 12 వోల్టుల బ్యాటరీ ఎక్కాలంటే జనరేటర్ 13 వోల్టులు దాటాలె కదా, ఆ స్పీడే రాలేదు. తిరుగుడు వేరు, కరెంటు రావుడు వేరు. ఇంకోటి, డాబా మీద గాలి సాఫీగా రాదు, పిట్టగోడకు, వాటర్ ట్యాంకుకు తగిలి సుడి తిరిగి వస్తది, దాంతో రోటర్ ఊకె దిక్కు మార్చుకుంటది, బేరింగ్ పోతది. ఎత్తుకు పోతే గాలి పెరుగుతది నిజమే, మామూలుగా వాడే ఏడో వంతు ఘాతం లెక్క ప్రకారం 10 మీటర్ల దగ్గర 3 ఉంటే 80 మీటర్ల దగ్గర 4 అయితది, పవర్ రెండున్నర రెట్లకు దగ్గరపడతది, కానీ 80 మీటర్ల టవర్ నీ ప్రాజెక్ట్ బడ్జెట్‌లో రాదు.

అందుకే పెద్ద విండ్ ఫామ్‌లు అనంతపురం, కర్నూలు దిక్కు గుట్టల మీద వచ్చినయ్, రామగిరి కొండలు అందరికీ తెలిసినవే. మన తెలంగాణ మొత్తం మీద 128 మెగావాట్ల దగ్గర ఉంటది, అదీ పరిగి దిక్కు. వరంగల్, కరీంనగర్ వైపు గాలి లేకపోవుడు మన తప్పు కాదు, భూమి అట్ల ఉన్నది. నీకు విండ్ మీద మనసు గట్టిగ ఉంటే టర్బైన్ కట్టుడు వదిలేసి డేటా మీద చెయ్. ఇంగ్లాండ్‌లో కెల్మార్ష్ అనే ఫామ్ ఉంది, ఆరు టర్బైన్ల స్కాడా డేటా, అంటే టర్బైన్‌లోని సెన్సర్లు రాసుకునే రీడింగ్‌లు, కొన్నేండ్లది ఫ్రీగా పెట్టిన్రు, పవర్ కర్వ్ (ఏ గాలికి ఎంత పవర్ రావాలో చూపే గీత) నుంచి టర్బైన్ ఎప్పుడు పక్కకు పోతున్నది, గేర్‌బాక్స్ టెంపరేచర్ ముందుగానే ఏం చెప్తున్నది, ఇట్లాంటివి ల్యాప్‌టాప్ మీద నిజమైన రీసెర్చ్. అది మంచి పని, నేను తక్కువ చేస్తలేను. కానీ చేతికి ఆయిల్ అంటాలె అనుకుంటే ఇంజన్ దగ్గరికి రా.

ఇప్పుడు ఫ్యూయల్. ఇది కొత్త ముచ్చట కాదు, 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లోనే పల్లినూనె పోసి చిన్న డీజిల్ ఇంజన్ నడిపిన్రు, ఈ ఇంజన్ కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలే తర్వాత దాని గురించి రాసిండు. మరి నూటపాతికేండ్లయినా పల్లినూనెతో ఎందుకు నడుస్తలేవు అంటే మొదటి కారణం చిక్కదనం. డీజిల్ విస్కాసిటీ, అంటే చిక్కదనం, 40 డిగ్రీల దగ్గర 2 నుంచి 4.5 సెంటీస్టోక్స్ (దాని కొలత) మధ్య ఉండాలని మన ఐఎస్ 1460 స్టాండర్డ్ చెప్తది. పచ్చి కానుగ నూనె దానికి పది రెట్ల దాకా చిక్కగ ఉంటది. నాజిల్ రంధ్రం వెంట్రుక మందానికి కొన్ని రెట్లే ఉంటది, అందులోంచి పొగమంచు లెక్క రావాల్సింది ధారలెక్క వస్తది, ఆ ధార పిస్టన్ మీద, లైనర్ మీద పడి సగం కాలి సగం కాలక కిట్టం కడతది.

షాపులో ఉన్నప్పుడు ఒక రైతు ట్రాక్టర్ వచ్చింది. సగం డీజిల్, సగం కానుగ నూనె పోసి రెండు నెలలు దున్నిండు. మొదటి పదిహేను రోజులు మంచిగనే నడిచిందట, అందుకే ఆయనకు నమ్మకం కలిగింది. మా దగ్గరికి వచ్చేనాటికి నాజిల్ కొనకు నల్లగ బొడిపెలు కట్టి ఉన్నయ్, రింగులు గాడిలో అతుక్కుపోయినయ్, కింద ఆయిల్ ఛాంబర్‌లో ఇంజన్ ఆయిల్ బెల్లం పాకం లెక్క తీగలు సాగుతున్నది. కాలని నూనె రింగుల పక్కనుంచి కిందికి దిగి ఇంజన్ ఆయిల్‌లో కలిసి గట్టిపడ్డది. మొత్తం విప్పి చేసుడే. ఆయన మొఖం ఇప్పటికీ గుర్తుంది నాకు, నాట్లకు ముందు వారం అది. నూనె పోస్తే ఇంజన్ వెంటనే ఆగదు, అదే ప్రమాదం. పదిరోజులు నడిచిందని ఎవరైనా వీడియో పెడితే నూరో రోజు ఏమైందో అడుగు.

నూనెను బయోడీజిల్ చేస్తే ఈ చిక్కదనం పోతది. పని వినడానికి చిన్నదే, నూనెలో మిథనాల్, కొంచెం కాస్టిక్ పొటాష్ వేసి 60 డిగ్రీల దగ్గర గంట, గంటన్నర కలుపుతే కిందికి గ్లిజరిన్ దిగుతది, మీద బయోడీజిల్ తేలుతది. లీటరు నూనెకు 200 నుంచి 250 మిల్లీలీటర్ల మిథనాల్, పొటాష్ నూనె బరువులో ఒక శాతం దగ్గర. విస్కాసిటీ డీజిల్‌కు దగ్గరికొస్తది, సీటేన్ నంబర్, అంటే ఇంజన్‌లో ఎంత జల్ది అంటుకుంటదో చెప్పే నంబర్, కూడా బాగుంటది. కానీ ఇక్కడ అందరూ పడే గుంత ఒకటుంది, నూనెలో ఫ్రీ ఫ్యాటీ యాసిడ్. అది రెండు శాతం దాటితే పొటాష్ పోయి ఆ యాసిడ్‌తో కలిసి సబ్బు అయితది. ఒకసారి వానకు తడిసి నెలల తరబడి బస్తాల్లో పడున్న కానుగ గింజతో తీసిన నూనె తెచ్చిన్రు పిల్లలు, టైట్రేషన్ (యాసిడ్ ఎంతుందో కొలిచే టెస్ట్) చేయకుండ నేరుగా పది లీటర్లు పెట్టినం, గంటకు మొత్తం పెరుగులెక్క గడ్డకట్టింది, పది లీటర్లు పారబోసినం. అప్పటి నుంచి యాసిడ్ వాల్యూ, అంటే ఆ టెస్ట్‌లో వచ్చే నంబర్, చూడకుండ ఒక్క బ్యాచ్ పెట్టనియ్యలేదు నేను. యాసిడ్ వాల్యూ నంబర్‌ను రెండుతో భాగిస్తే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్ శాతం దాదాపు వస్తది, ఎక్కువుంటే ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఒక స్టెప్ చేసి దించి, ఆ తర్వాతే పొటాష్. మిథనాల్ పని కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లోనే, ఇంట్లో, స్టవ్ పక్కన ఎప్పుడూ వద్దు, దాని మంట పగటిపూట కంటికి సరిగ్గ కనపడదు, ఆవిరి పీల్చినా, కొంచెం మింగినా కండ్లు పోతయ్.

మరి ఇంజన్‌లో ఏమైతది అంటే, అది ప్రపంచమంతా తెలిసిపోయిన సంగతే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2002లోనే అప్పటిదాకా వచ్చిన టెస్టులన్నీ కలిపి లెక్క తీసింది, బీ20కి పొగ కణాలు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం, హైడ్రోకార్బన్లు 21 శాతం తగ్గినయ్, నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్లు) 2 శాతం పెరిగింది. ఫ్యూయల్‌లోనే ఆక్సిజన్ ఉంటది కాబట్టి మంచిగ కాలుతది, నాక్స్ పెరగనీకి అదొక కారణం, ఇంకోటి నా పంపు షాపు బుద్ధికి బాగా ఎక్కింది. బయోడీజిల్ డీజిల్ కన్నా తక్కువ నొక్కుకుంటది, అందుకని పంపులో ఫ్యూయల్‌ను నెట్టే ప్లంజర్ కొట్టిన దెబ్బ నాజిల్‌కు ముందే చేరి ఇంజెక్షన్ కొంచెం అడ్వాన్స్, అంటే ముందుగ, అయితది. పంపు కింద షిమ్ (పల్చటి రేకు) మార్చి ఒకట్రెండు డిగ్రీలు రిటార్డ్, అంటే ఆలస్యం, చేస్తే నాక్స్ దిగుతది, మేం చేసి చూసినం. ఇక కిలోకు వేడి డీజిల్ కన్నా పన్నెండు శాతం దాకా తక్కువ, అందుకని అదే పనికి ఫ్యూయల్ అంత ఎక్కువ తాగుతది. ఇవన్నీ నువ్వు మళ్లీ కనిపెట్టాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు ముచ్చటకొస్తా, నేను ఇంత పొడుగు రాసేది దీనికోసమే. మన కాలేజీలన్నింటిలో దాదాపు ఒకటే ఇంజన్ ఉంటది, కిర్లోస్కర్ సింగిల్ సిలిండర్, 5.2 కిలోవాట్లు, 1500 ఆర్పీఎం, కంప్రెషన్ 17.5, పక్కన ఇంజన్ మీద లోడ్ పెట్టి కొలిచే ఎడ్డీ కరెంట్ డైనమోమీటర్, గోడకు ఫ్యూయల్ కొలిచే గీతల గాజు గొట్టం, అదే బ్యూరెట్. ఫుల్ లోడ్‌లో 10 సీసీ డీజిల్ 20 సెకన్లలో అయిపోతది. పిల్లగాడు చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని నొక్కుతడు, మొదట ఒకసారి, చివర ఒకసారి, రెండూ కలిపి 0.4 సెకను తేడా రావుడు మామూలే. 20లో 0.4 అంటే 2 శాతం. 30 శాతం ఎఫిషియెన్సీ మీద అది 0.6. మరి థీసిస్‌లలో ఏం రాస్తరు? బీ20కి ఎఫిషియెన్సీ 0.5 శాతం పెరిగింది, నానో పార్టికల్ (కంటికి కనపడనంత సన్నటి పొడి) వేస్తే ఇంకో 0.4 పెరిగింది అని. ఆ పెరిగింది ఫ్యూయల్‌లోంచి వచ్చిందా, బొటనవేలులోంచి వచ్చిందా చెప్పనీకి లేదు.

ఒక బ్యాచ్‌కు ఇట్లనే బీ20 0.8 శాతం మంచిగ వచ్చింది, అందరం సంబరపడ్డం. నాకెందుకో మనసు ఒప్పలేదు, ఉత్త డీజిల్‌నే పొద్దున ఎనిమిదికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి నడిపించిన. మే నెల అది. ఒకటే డీజిల్, ఒకటే ఇంజన్, రెండింటి మధ్య తేడా 0.8కి దగ్గరగనే వచ్చింది. చూస్తే వాళ్లు డీజిల్ రీడింగ్‌లు మధ్యాహ్నం, బీ20 రీడింగ్‌లు మరునాడు పొద్దున తీసిన్రు, లోపలికి పోయే గాలి చల్లగ ఉన్నది, కూలింగ్ నీళ్లు చల్లగ ఉన్నయ్, అంతే. ఆ పిల్లలు నిజాయితీగ ఆ రెండు డీజిల్ గ్రాఫ్‌లను కూడా థీసిస్‌లో పెట్టిన్రు. నా మటుకు అదే మా ల్యాబ్ నుంచి వచ్చిన మంచి థీసిస్.

కాబట్టి నువ్వు ఏ ఫ్యూయల్ తీసుకున్నా మొదట ఉత్త డీజిల్‌తో వేరేవేరే రోజుల్లో పదిసార్లు నడుపు, అవి ఎంత చెదురుతున్నయో రాసుకో, ఆ చెదురు కన్నా పెద్ద తేడా వస్తేనే మాట్లాడు. 10 సీసీ బదులు 50 సీసీకి టైమ్ తీయ్, వీలైతే బ్యూరెట్ వదిలేసి ఫ్యూయల్ డబ్బాను తూకం మీద పెట్టి గ్రాముల్లో చూడు. నీ ఫ్యూయల్ క్యాలరిఫిక్ వాల్యూ, అంటే కిలోకు ఎంత వేడి ఇస్తదో, నువ్వే బాంబ్ క్యాలరీమీటర్‌లో తీయాలె, వేరే పేపర్‌లో నుంచి ఎత్తి రాయొద్దు, కానుగ బయోడీజిల్‌కే ఒక్కో పేపర్‌లో ఒక్కో నంబర్ ఉంటది, అక్కడ 5 శాతం తప్పితే నీ ఎఫిషియెన్సీ అంతా తప్పే. ఒక ఫ్యూయల్ నుంచి ఇంకో దానికి మార్చినప్పుడు లైన్‌లో, ఫిల్టర్‌లో పాతది మిగిలి ఉంటది, ఇరవై నిమిషాలన్న నడిపి ఆ తర్వాతనే రీడింగ్.

మరి కొత్తగా ఏం చేయొచ్చు. నన్ను అడిగితే గింజ దగ్గర మొదలుపెట్టు. దేశంలో బయోడీజిల్ నిలబడకపోవుడు ఇంజన్ వల్ల కాదు, గింజ వల్ల. 2009 పాలసీలో 2017 కల్లా 20 శాతం కలపాలన్నరు, అడవి ఆముదం తోటలు పెట్టిచ్చిన్రు, నీళ్లు లేని నేలలో కాయ రాలేదు, రైతులు తీసేసిన్రు, 2018 పాలసీకి వచ్చేసరికి లక్ష్యం 2030కి 5 శాతమని దిగింది. మన దగ్గర మాత్రం ఒక మంచి ఉదాహరణ ఉంది, అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ. అక్కడి ఆదివాసీ మహిళా సంఘాలు కానుగ గింజ ఏరి, నూనె తీసే మిషన్ పెట్టుకున్నయ్, 2003లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గింపు లెక్కకు ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు కట్టింది. అది చిన్న మొత్తమే, కానీ అడవి అంచు ఊరి ఆడోళ్లు గింజ పట్టుకుని అంతదూరం పోయిన్రంటే నాకు ఇప్పటికీ గౌరవం. నాలుగు కిలోల గింజకు దాదాపు లీటరు నూనె, ఆ గింజ తడవకుండ ఎట్ల దాచాలె అనేదే అసలు ఇంజనీరింగ్ ప్రశ్న. మీ పరకాల రోడ్డు పక్కన చెట్ల గింజనే తీసుకుని నెల, మూడు నెలలు, ఆరు నెలలు గోనెబస్తాలో ఒకటి, గాలి చొరని డబ్బాలో ఒకటి పెట్టి యాసిడ్ వాల్యూ ఎట్ల పెరుగుతున్నదో తీయ్, ఆ నూనెల బయోడీజిల్ ఇంజన్‌లో పోయ్. దూరం ల్యాబ్‌లో కూర్చున్నోడికి ఇది చేసుడు కష్టం, నువ్వు చేయగలవు.

రెండోది ఎక్కువ గంటల టెస్ట్. ఇంజన్ టెస్టుల స్టాండర్డ్ ఐఎస్ 10000 లో ఎండ్యూరెన్స్ టెస్ట్ 512 గంటలు, 16 గంటల సైకిల్ 32 సార్లు. నీకు అంత టైమ్ ఉండదు, నాలుగైదు సైకిళ్లు చేసినా చాలు, ప్రతి 16 గంటలకు ఇంజన్ ఆయిల్ శాంపిల్ తీసి విస్కాసిటీ, ఇనుము ఎంతుందో చూపించుకో, చివర్ల నాజిల్ విప్పి ఫోటో తీయ్. ఆ ట్రాక్టర్ రైతుకు కావాల్సిన జవాబు గంట టెస్ట్‌లో దొరకదు, ఇందులో దొరుకుతది. హోటళ్లలో కాగిన నూనె కూడా మంచి దారే, పోలార్ కాంపౌండ్స్ (నూనె కాగి కాగి చెడితే పుట్టేవి) 25 శాతం దాటినంక వంటకు వాడొద్దని రూల్ ఉంది కాబట్టి హన్మకొండ చౌరస్తాలో అడిగితే దొరుకుతది. రైస్ మిల్లుల ఊక నుంచి తీసిన గ్యాస్, డీజిల్ రెండూ కలిపి నడిపే డ్యూయల్ ఫ్యూయల్ కూడా మన పెద్దపల్లి, కరీంనగర్ వైపుకు సరిపోయేదే, డీజిల్ సగం కన్నా ఎక్కువ ఆదా అయితది, కానీ గ్యాస్‌లో తారు కడుగుడు పెద్ద పని, ఒక్క విద్యార్థితో కాదు. ఇథనాల్ జోలికి పోకు, దాని సీటేన్ 8 దగ్గర ఉంటది, డీజిల్‌తో కలిపితే కొంచెం నీళ్లు తగిలినా విడిపోతది.

మీ బాపు ఇంజన్ గురించి. ట్రాక్టర్ కొత్తది, కామన్ రైల్ (కంప్యూటర్ చెప్పినట్టు ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ కొట్టే పద్ధతి) అయితే బంక్ డీజిల్ తప్ప ఏదీ ముట్టుకోవద్దు, అందులో ప్రెషర్ వెయ్యి బార్ దాటుతది, పాత ఇంజన్‌ల 200 బార్ లెక్క కాదు, ఒక్క ఇంజెక్టర్ పోయినా చానా ఖర్చు. బాయి కాడి పాత ఇంజన్ మీద నువ్వు చేసిన బయోడీజిల్, అదీ కడిగి, 110 డిగ్రీల దాకా కాచి నీళ్లు తీసేసింది, 20 శాతం మించకుండ కలిపి చూడొచ్చు. ముందు రబ్బరు పైపులు మార్చు, పాత నైట్రైల్ రబ్బరు దానికి ఉబ్బుతది. మొదటి వారంలో ఫిల్టర్ జామ్ అయితే భయపడొద్దు, ట్యాంకులో ఏండ్ల నాటి మడ్డిని అది కరిగించి తెస్తది, రెండు ఫిల్టర్లు దగ్గర పెట్టుకో. చేసింది మూడు నెలలకు మించి నిలవ ఉంచకు, గాలి తగిలితే చెడిపోతది. పామాయిల్‌తో చేసిందయితే చలికాలం ఆదిలాబాద్ దిక్కు పొద్దున మబ్బు పట్టి పేరుకుంటది, కానుగకు ఆ బాధ తక్కువ.

కానుగ కాయ మార్చి, ఏప్రిల్‌లో దొరుకుతది కాబట్టి గైడ్‌తో ముందే మాట్లాడి కాయ రాంగనే ఏరుడు మొదలుపెట్టు, చెట్టు చెట్టుకు సంచి వేరే పెట్టి తేదీ రాయ్. నూనె తీయంగనే యాసిడ్ వాల్యూ చూసి ఆ నంబర్ నాకు పంపు, రెండు స్టెప్‌లు కావాల్నా ఒక్కదాంతో అయితదా అప్పుడు చెప్తా.